జపాన్ బడిలో ఇంగ్లిష్ టీచరు: పాఠం కాక మిగిలినదంతా

జపాన్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ చెప్పడానికి వచ్చే విదేశీయుణ్ని ఏఎల్‌టీ అంటారు, అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్ అన్నమాట. క్లాసు బాధ్యత జపనీస్ టీచరుది. పక్కన నిలబడి పిల్లల చేత పలికించడం, ఆడించడం, మాట్లాడించడం మన పని. అది ఒక టర్ము గడిచేసరికి చేతికొస్తుంది. మనిషిని అలసిపోయేలా చేసేది మిగతాది: కాంట్రాక్టులోని చిన్న అక్షరాలు, మధ్యాహ్న భోజనం, చలికాలపు ఇల్లు, రెండో ఏడు జూన్‌లో ఉన్నట్టుండి తగ్గే జీతం. ఇవన్నీ విమానం ఎక్కకముందే తెలుసుకోదగ్గవి. తెలియకుండా వచ్చి, మంచి టీచర్లు కావలసినవాళ్లు ఏడాదికే మూటాముల్లె సర్దుకోవడం చూస్తే బాధేస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వీసా సంగతి. ప్రభుత్వ బడికి కావలసింది ఇన్‌స్ట్రక్టర్ అనే నివాస హోదా. డిగ్రీతో పాటు, మీరు చెప్పబోయే భాషలో పన్నెండేళ్లు చదువుకున్నట్టు రుజువు ఉండాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంటర్, ఇంజినీరింగ్ ఇంగ్లిష్‌లో అంటే లెక్క ఆరేళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లిష్ మీడియంవాళ్లు కూడా చదివిన ప్రతి బడి నుంచీ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ మీడియం అన్నది లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. ఒకటో తరగతి చదివిన చిన్న బడి ఇప్పుడు మూతపడి ఉంటుంది, అక్కడే నెలలు పోతాయి. కాబట్టి దరఖాస్తు కంటే ముందు ఈ కాగితాలు మొదలుపెట్టండి. ప్రైవేటు సంభాషణ బడులకు, అంటే ఎయ్‌కైవాలకు, వేరే హోదా ఇస్తారు. దానికి ఈ పన్నెండేళ్ల నిబంధన లేదు, డిగ్రీ చాలు. కానీ ఆ హోదాతో వచ్చి తర్వాత ప్రభుత్వ బడికి మారాలంటే హోదా మార్పిడికి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

ఉద్యోగం వచ్చే దారులు మూడు. 1987లో మొదలైన జెట్ కార్యక్రమం ప్రభుత్వానిది, ఏడాది చొప్పున ఐదేళ్ల దాకా పొడిగిస్తారు. రెండోది ఊరి విద్యా బోర్డు నేరుగా తీసుకోవడం. మూడోది మధ్యవర్తి కంపెనీ. ఈ మూడోదాంట్లోనే కాంట్రాక్టు జాగ్రత్తగా చదవాలి. ఆగస్టు జీతం పూర్తిగా ఇస్తారా, కోత పెడతారా? డిసెంబరు, మార్చి సెలవుల మాటేమిటి? వారానికి ఎన్ని గంటలని రాశారు? ఆరోగ్య బీమా, పింఛను తప్పించుకోవడానికి 29.5 గంటలని రాసే అలవాటు చాలాకాలం నడిచింది. 2024 అక్టోబరు నుంచి 51 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థలు వారానికి 20 గంటలు పనిచేసేవాళ్లను కూడా, జీతం వగైరా షరతులకు లోబడి, ఉద్యోగుల బీమాలో చేర్చాల్సిందే. ఇంకొక మెలిక ఉంది. కాంట్రాక్టు పనిని బయటకు అప్పగించే పద్ధతిలో, అంటే గ్యోము-ఇతాకులో ఉంటే, బడిలోని టీచరు మీకు నేరుగా ఆదేశాలివ్వడం చట్టరీత్యా కుదరదు. పక్కపక్కనే నిలబడి పాఠం చెప్పే ఇద్దరు ఆ పాఠం గురించి మాట్లాడుకోకూడదంటే ఆ పాఠం ఎలా ఉంటుంది? వీలుంటే ఈ రకం ఒప్పుకోకండి. నేరుగా బోర్డు ఇచ్చే ఉద్యోగం జీతం కాస్త తక్కువైనా మేలు.

దిగగానే పెద్ద విమానాశ్రయాల్లో నివాస కార్డు చేతికిస్తారు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. ఫోను, బ్యాంకు ఖాతా, బీమా అన్నీ దాని తర్వాతే. వచ్చి ఆరు నెలలు కాలేదని ఖాతా తెరవని బ్యాంకులు ఉన్నాయి కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా పోస్టాఫీసు బ్యాంకుకే వెళ్తారు. ఇంట్లో కరెంటుకు దరఖాస్తు పెడితే చాలు, గ్యాసుకు మాత్రం మనిషి వచ్చి మీ ఎదుటే పరీక్షించి తెరుస్తాడు. ఆ అపాయింట్‌మెంటు ముందే పెట్టుకోకపోతే మొదటి రోజులు చన్నీళ్ల స్నానమే. భూకంపం వచ్చినప్పుడు గ్యాసు మీటరు దానంతటదే మూసుకుంటుంది. పొయ్యి వెలగడం లేదని కంగారుపడనక్కర్లేదు. వాసన లేదని చూసుకుని, పొయ్యిలన్నీ కట్టేసి, మీటరు మీది బటన్ నొక్కి మూడు నిమిషాలు ఆగితే తిరిగి తెరుచుకుంటుంది.

బడి ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. గుమ్మంలోనే బూట్లు విప్పి లోపల వేసుకునే ఉవాబాకి తొడుక్కోవాలి. మన పాదాల కొలత పెద్దదైతే ఊళ్లో దొరకడం కష్టం, తెల్లని అడుగున్న తేలికపాటి బూట్లు ఒక జత వెంట తెచ్చుకోండి. స్టాఫ్‌రూమ్‌లోకి అడుగుపెడుతూ అందరికీ వినబడేలా పలకరించాలి, వెళ్లేటప్పుడు "ముందుగా వెళ్తున్నాను, క్షమించండి" అన్న అర్థంలో "ఒసాకినీ షిత్సురేయ్ షిమాసు" అనాలి. సెలవు కావాలన్నా, ఆలస్యమవుతుందన్నా చెప్పాల్సింది క్యోతో-సెన్సేకి, అంటే ఉప ప్రధానోపాధ్యాయుడికి. రోజు నడిచేది ఆయన బల్ల మీది నుంచే. పిల్లలే బడి ఊడ్చి తుడుస్తారు. ఆ వేళ మీరూ చీపురో గుడ్డో పట్టుకోండి. క్లాసులో నోరు మెదపని పిల్ల అక్కడ తనంతట తానే వచ్చి మాట్లాడుతుంది.

2020 నుంచి మూడు, నాలుగు తరగతులకు ఏడాదికి 35 పీరియడ్లు విదేశీ భాషా కార్యకలాపాలు, ఐదు, ఆరు తరగతులకు 70 పీరియడ్ల ఇంగ్లిష్ సబ్జెక్టు అయ్యాయి. ప్రాథమిక బడిలో పీరియడు 45 నిమిషాలు, మిడిల్ స్కూల్లో 50. మొదటి పాఠం ఎప్పుడూ మీ పరిచయమే. ఎక్కువగా చెడిపోయేదీ అదే. స్లైడ్ల మీద స్లైడ్లు పెట్టి అరగంట మాట్లాడితే పదో నిమిషానికే పిల్లల చూపులు కిటికీలోకి పోతాయి. పది నిమిషాలు చాలు. ఒక పటం, నాలుగు ఫొటోలు, చేతిలో పట్టుకుని చూడ్డానికి కొన్ని రూపాయి నాణేలు. ఆ తర్వాత మూడు జవాబుల క్విజ్ పెట్టండి, జవాబును బట్టి గదిలో మూడు మూలలకు పరుగెత్తాలి. మిగతా సమయం వాళ్లు మిమ్మల్ని అడగాలి. అడగడానికి కావలసిన వాక్యం బోర్డు మీద ఉండాలి.

"ఎవరికి తెలుసు?" అని క్లాసు మొత్తాన్ని అడిగితే నిశ్శబ్దమే జవాబు. తెలియక కాదు, అందరి ముందూ ఒక్కరే నిలబడటానికి ఇష్టపడక. ముందు పక్కపిల్లతో ముప్పై సెకన్లు మాట్లాడనివ్వండి, తర్వాత జంటను అడగండి. కార్డులు లాక్కునే కరుతా ఆట నలుగురి జట్లలో బాగుంటుంది. ఎనిమిదిమందిని కూర్చోబెడితే ఇద్దరే ఆడతారు. చేతులు తల మీద పెట్టించకపోతే కార్డులు చిరుగుతాయి. వరుసగా రెండు గెలిచిన పిల్ల తర్వాతి రెండిటికి పదాలు చదవాలన్న నియమం పెడితే అందరికీ వంతు వస్తుంది.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు లోపలి నుంచి తెలిసిన విషయం ఒకటుంది. మన భాషలో మాట చివర అచ్చు రావాలి, అందుకే బస్సు, డెస్కు, గ్లాసు అంటాం. జపనీస్ పిల్లలు ఇంకాస్త ముందుకెళ్లి మధ్యలో కూడా అచ్చులు చేరుస్తారు. మిల్క్ అన్న మాట మిరుకు అయి మూడు దెబ్బలవుతుంది. నాలుక ఎక్కడ పెట్టాలో వివరిస్తే ఫలితం ఉండదు. చప్పట్లు కొట్టించండి: మిల్క్‌కు ఒకటే చప్పట్టు, ఆ ఒక్క చప్పట్టులో మాట అయిపోవాలి. రెండు వారాల్లో తేడా వినిపిస్తుంది. మనం సరిచూసుకోవలసింది వేగం. ఇక్కడి పాఠ్య ఆడియోలు ఎక్కువగా అమెరికన్ యాసలో ఉంటాయి. మనం గబగబా అనేస్తే పిల్లలకు మాటల మధ్య సందు దొరకదు. ట, డ మరీ గట్టిగా పలక్కుండా, వాక్యం మధ్య ఒక ఊపిరి విడిచి చెబితే చాలు. యాసను దాచుకోవాల్సిన పని లేదు, పిల్లలు ప్రపంచంలో వినబోయే ఇంగ్లిష్‌లో అదీ ఒకటి.

మార్చి చివర్లో టీచర్ల బదిలీలు వస్తాయి. ఏడాదంతా కలిసి పనిచేసిన టీచరు ఏప్రిల్ 1 నుంచి వేరే బడిలో ఉంటారు. ఏ యూనిట్‌కు ఏ ఆట, ఏది కుదిరింది, ఏది కుదరలేదు అన్నవి ఫైలులో రాసి బడిలోనే ఉంచండి. లేకపోతే కొత్తవారితో అంతా మొదటికొస్తుంది.

ఇక భోజనం. బడి భోజనాన్ని క్యూషోకు అంటారు. అన్నమో రొట్టో, కూర, పులుసు, 200 మిల్లీలీటర్ల పాలు. తెల్ల టోపీలు, ఏప్రాన్లు వేసుకుని పిల్లలే వడ్డిస్తారు, నెల డబ్బు మనం కడతాం. మాంసాహారులకు ఇంత చవకగా, ఇంత పద్ధతిగా ఇంకెక్కడా దొరకదు. శాకాహారులకే చిక్కు. ముక్క తీసి పక్కన పెడితే సరిపోదు, దాషి అనే మూల రసం పులుసుల్లో, కూరల్లో అంతటా ఉంటుంది. దాన్ని ఎండబెట్టిన కత్సుఒ చేపతోనో చిన్న ఎండు చేపలతోనో కాస్తారు. జెల్లీల్లో జెలటిన్ ఉంటుంది. పొట్లాల్లో అమ్మే జపనీస్ కర్రీ ముద్దల్లో పశువు కొవ్వో పంది కొవ్వో కలుస్తుంది. నత్తో, అంటే పులియబెట్టిన సోయా గింజలు, శాకాహారమే కానీ వాటితో వచ్చే చిన్న సాస్ పొట్లంలో చేప సారం ఉంటుంది. మామూలు షోయు, అంటే సోయా సాస్, నిక్షేపంగా వాడొచ్చు, మెన్‌త్సుయు అని రాసిన సీసా మాత్రం వద్దు, అందులో దాషి ఉంటుంది. నెలనెలా పదార్థాలతో సహా మెనూ కాగితం ఇస్తారు, దాన్ని చదవడం మొదటి నెలలోనే నేర్చుకోండి. పూర్తి శాకాహారులైతే భోజనం వద్దని నెల మొదలవకముందే చెప్పి డబ్బా తెచ్చుకోవడం ఉత్తమం. నెల మధ్యలో చెబితే సరుకు అప్పటికే తెప్పించేసి ఉంటారు. "తినను" అనకుండా "మా ఇంటి ఆచారం, పాలు, పళ్లు తీసుకుంటాను" అంటే ఎవరూ నొచ్చుకోరు. డబ్బా తెచ్చుకున్నా పిల్లలతో కూర్చునే తినండి.

ఇంట్లో వండుకోవడానికి పప్పులు, చింతపండు, సోనా మసూరి టోక్యోలో నిషి-కసాయ్, ఒకుబో ప్రాంతాల భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి, దూరపు ఊళ్లకు ఆన్‌లైన్‌లో పంపుతారు. ఇక్కడి పొట్టి బియ్యం అంటుకుంటుంది కాబట్టి పులిహోరకు పనికిరాదు, పెరుగన్నానికి మాత్రం దీన్ని మించింది లేదు. తోడుకు చక్కెర లేని ప్లెయిన్ యోగర్ట్ వాడండి. పాల డబ్బా మీద గ్యూన్యూ అని ఉన్నదే కొనండి, కొవ్వు తీసిన రకాలు గట్టిగా తోడుకోవు. చలికాలంలో గది పది డిగ్రీల దగ్గరుంటే రాత్రంతా పెట్టినా పాలు పాలుగానే ఉంటాయి. 42 డిగ్రీల పాలలో తోడు కలిపి వెడల్పు మూతి ఫ్లాస్కులో పోస్తే తెల్లారేసరికి తోడుకుంటుంది. రైస్‌కుక్కర్ కీప్-వార్మ్‌లో పెట్టకండి, ఆ వేడికి తోడు చచ్చిపోతుంది. ఇడ్లీ పిండి పులియాలంటే కొతత్సు, అంటే అడుగున హీటరున్న బల్ల కింద, తక్కువ వేడిలో పెట్టాలి.

మిక్సీ తెచ్చేవాళ్లకు ఒక మాట. ఇక్కడి కరెంటు 100 వోల్టులు, మన మిక్సీకి 230 కావాలి. నేరుగా పెడితే మోటారుకు బలం చాలదు. 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్ల స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. గోడ ప్లగ్గు హద్దే 1500 వాట్లు కాబట్టి అదే లైనులో హీటరు నడుస్తుంటే బ్రేకరు పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ బరువు, ధర చూస్తే 100 వోల్టుల మిక్సీ ఇక్కడే కొనుక్కోవడం నయం. విమానంలో కోడి, మేక పచ్చళ్లు తేవద్దు. వండినదైనా మాంసం నిషేధమే. పచ్చి కరివేపాకు, తాజా పళ్లు కూడా వద్దు.

చలి గురించి ఉత్తర జపాన్‌వాళ్లే కాదు, దక్షిణంవాళ్లూ హెచ్చరిస్తారు. చాలా ఇళ్లలో ఇల్లంతా వేడిచేసే ఏర్పాటు ఉండదు, మనం ఉన్న గదినే వెచ్చబరుచుకోవాలి. కిరోసిన్ హీటరు చవక, 18 లీటర్ల డబ్బాలో పెట్రోలు బంకు నుంచి తెచ్చుకోవాలి. గంటకు ఒకటి రెండుసార్లు కిటికీ తెరవకపోతే ప్రాణాపాయం. కొన్ని అపార్ట్‌మెంట్లలో కిరోసిన్ నిషేధం, ఒప్పందం చూసుకోండి. వేడిగదిలో కిటికీ అద్దాలకు పట్టిన నీరు పొద్దున్నే తుడవకపోతే జనవరికల్లా పరుపు వెనక గోడ నల్లగా బూజు పడుతుంది. సున్నాకు నాలుగు డిగ్రీలు దిగువకు పోతుందన్న రాత్రి నీటి గొట్టాలు ఖాళీ చేసి పడుకోవాలి, శీతల ప్రాంతపు ఇళ్లలో దానికి ప్రత్యేకం ఒక కవాటం ఉంటుంది. సెలవులకు ఊరెళ్లేముందు ఇది మరిచిపోతే తిరిగొచ్చేసరికి గొట్టం పగిలి ఉంటుంది.

చెత్త సంగతి ఊరి కేలండరే చెబుతుంది: ఏ రోజు ఏ రకం, ఏ సంచి, చాలాచోట్ల పొద్దున ఎనిమిదిలోగా. టీవీ, ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మాత్రం పెద్ద చెత్తలో కూడా తీసుకోరు, రీసైక్లింగ్ రుసుము కట్టాలి. ముందున్న టీచరు ఉచితంగా ఇచ్చే పాత ఫ్రిజ్‌ను ఒప్పుకునేటప్పుడు ఆ ఖర్చూ మీదేనని గుర్తుంచుకోండి.

సెలవుల్లో తిరగడానికి వస్తే, అందరూ చెప్పే జపాన్ రైల్ పాస్ మనకు వర్తించదు. అది తాత్కాలిక సందర్శకులకే, ఉద్యోగ హోదాలో ఉన్నవాళ్లకు కాదు. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలు కొనుక్కోవచ్చు. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 50,000 యెన్లకు పెరిగింది కాబట్టి టోక్యో, క్యోతో చూసి వెనక్కి రావడానికైతే నష్టమే. మనకు పనికొచ్చేది సెయ్‌షున్ 18 టికెట్. పేరులో 18 ఉన్నా వయసుతో పనిలేదు. 2024 శీతాకాలం నుంచి నియమాలు మారాయి: వరుసగా మూడు రోజులకు 10,000 యెన్లు, ఐదు రోజులకు 12,050. ముందులా విడి విడి రోజుల్లో వాడటం, నలుగురు పంచుకోవడం కుదరదు. జేఆర్, అంటే జపాన్ రైల్వేల, లోకల్, రాపిడ్ రైళ్లన్నీ ఎక్కొచ్చు, బుల్లెట్ రైలు షిన్‌కాన్సెన్‌కు, ఎక్స్‌ప్రెస్‌లకు చెల్లదు. వసంత, వేసవి, శీతాకాల సెలవుల్లోనే అమ్ముతారు, మన బడి సెలవులతో చక్కగా కలుస్తుంది.

టోక్యో నుంచి ఒసాకాకు లోకల్ రైళ్లలో తొమ్మిది గంటల పైచిలుకు. అతామి, హమామత్సు, తొయొహాషి, మైబారా లాంటి చోట్ల మారాలి. మధ్యలో శిజుఓకా జిల్లా దాటడమే ఓపికకు పరీక్ష: పొడవాటి బెంచీ సీట్ల మీదే కూర్చోవాలి. మారే చోట మూడు నాలుగు నిమిషాలే ఉంటే అందరూ పరుగెత్తుతారు. పరుగెత్తకుండా తర్వాతి రైలుకు ఆగి ప్లాట్‌ఫారం మీద భోజనం చేయడం హాయి. హొకురికు వైపు వెళ్తే జాగ్రత్త. షిన్‌కాన్సెన్ వచ్చాక త్సురుగా, కనజావా, తొయామా మధ్య పాత లైను వేరే కంపెనీలకు పోయింది, ఆ ముక్కకు విడిగా చార్జీ కట్టాలి.

టికెట్ లేకుండా సుయ్‌కా అనే రీచార్జి కార్డుతో ఎక్కేవాళ్లు ఇరుక్కునేది అతామి దగ్గరే. టోక్యో ప్రాంతంలో కార్డు తాకించి ఎక్కి, అతామి దాటి శిజుఓకా వైపు దిగితే గేటు తెరుచుకోదు. దేశమంతటా పనిచేసే కార్డే అయినా ఒక ప్రాంతంలో ఎక్కి ఇంకో ప్రాంతంలో దిగనివ్వదు. దూరం వెళ్లాలంటే కాగితం టికెట్ కొనండి. పల్లె లైన్లలో సిబ్బందిలేని స్టేషన్లు, ఒకే పెట్టె రైళ్లు ఉంటాయి. చాలావాటిలో వెనక తలుపు నుంచి ఎక్కి, నంబరు చీటీ తీసుకుని, దిగేటప్పుడు ముందున్న పట్టికలో ఆ నంబరు కింద చూపే చార్జీ డ్రైవరు పక్కన డబ్బాలో వేయాలి. చిల్లర యంత్రం సాధారణంగా 1,000 యెన్ల నోటే తీసుకుంటుంది, పదివేల నోటుతో ఎక్కితే అందరినీ ఆపాల్సి వస్తుంది.

ఏప్రిల్ చివర మొదలయ్యే సెలవుల వారం గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్య పెద్దల పండుగ ఒబొన్, కొత్త సంవత్సరం రోజుల్లో టోక్యో, ఒసాకా వైపు నొజొమి అనే షిన్‌కాన్సెన్ రైళ్లన్నీ రిజర్వు సీట్లతోనే నడుస్తాయి. బుకింగ్ సరిగ్గా నెల ముందు పొద్దున పదింటికి మొదలవుతుంది. అదే లైనులో మూడు కొలతలూ కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు ప్రత్యేక సీటు బుక్ చేయాలి. చేయకపోతే 1,000 యెన్లు కట్టాలి. పెట్టెను తక్యూబిన్‌లో, అంటే ఇంటికొచ్చే కొరియర్‌లో, ముందురోజే పంపేసి చేతులు ఊపుకుంటూ వెళ్లడం ఇంకా సుఖం. దేశం దాటేటప్పుడు మాత్రం విమానాశ్రయంలో ఇచ్చే కార్డు మీద తిరిగి వస్తానన్న గడిలో తప్పకుండా టిక్ పెట్టండి. అది లేకుండా ముద్ర పడితే మీ నివాస హోదా అక్కడితో సరి.

చివరగా డబ్బు. జపాన్‌వాళ్ల లెక్క పదివేల దగ్గర మారుతుంది, దాన్ని మాన్ అంటారు. పది మాన్‌లంటే మన లక్ష. నివాస పన్ను మొదటి ఏడు ఉండదు, ఎందుకంటే అది జనవరి 1న ఇక్కడ ఉన్నవాళ్లకు కిందటేడు ఆదాయం మీద వేస్తారు. ఏప్రిల్‌లో చేరితే మరుసటి ఏడు జూన్ నుంచి కోత మొదలవుతుంది, ఆదాయంలో మినహాయింపులు పోను దాదాపు పది శాతం. వెళ్లిపోయే ఏడు మిగిలింది ఒకేసారి పట్టుకుంటారు. ఆ సొమ్ము పక్కన పెట్టుకోకుండా విమానం టికెట్ కొనకండి.

పింఛను విషయంలో తొందరపడొద్దు. ఆరు నెలలు, అంతకు మించి కట్టినవాళ్లు దేశం వదిలాక రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టి కొంత వెనక్కి తీసుకోవచ్చు, గరిష్ఠంగా 60 నెలలకు లెక్కకడతారు. ఉద్యోగుల పింఛనుకైతే 20.42 శాతం పన్ను పట్టుకుంటారు. అది తిరిగి రావాలంటే బయలుదేరకముందే పన్ను ప్రతినిధిగా జపాన్‌లో ఉండే ఒకరి పేరు పన్ను ఆఫీసులో నమోదు చేయాలి. ఆ స్నేహితుడి ఖాతాకు సొమ్ము వస్తుంది. అయితే భారత్, జపాన్ మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2016 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. పింఛను అర్హతకు ఇక్కడి ఏళ్లను, మన దేశంలో భవిష్య నిధి కట్టిన ఏళ్లను కలిపి చూడొచ్చు. ఒకసారి సొమ్ము వెనక్కి తీసుకుంటే ఇక్కడి ఏళ్లు లెక్కలోంచి పోతాయి. తిరిగి వెళ్లి ఉద్యోగం చేయబోయేవాళ్లు ఆ ఫారం నింపేముందు తమ భవిష్య నిధి ఖాతాలో ఎన్నేళ్లున్నాయో చూసుకోండి. రెండేళ్ల గడువుంది, వెళ్లిన వారమే సంతకం పెట్టాల్సిన అవసరం లేదు.